శుక్రవారం రాత్రి బయల్దేరితే వైజాగ్ మేలా, పాండిచ్చేరి మేలా?

హైదరాబాద్ వాళ్లకు సముద్రం ఎటు వెళ్లినా దూరమే. అందుకే శని, ఆదివారాల సెలవు, జేబులో నాలుగైదు వేలు ఉన్న కుర్రాళ్లు తరచూ అడిగేది ఇదే: వైజాగ్ పోదామా, పాండిచ్చేరి పోదామా? అమీర్‌పేట హాస్టల్లో అయినా, గచ్చిబౌలి ఆఫీసు క్యాంటీన్లో అయినా మాట వెంటనే ఖర్చు మీదికి మళ్లుతుంది. రూమ్ ఎక్కడ చవక, తిండి ఎక్కడ చవక అని. నన్నడిగితే ముందు గంటలు లెక్కపెట్టుకోమంటాను. జాగ్రత్తగా తిరిగితే డబ్బులు రెండుచోట్లా పెద్ద తేడా రావు. సముద్రం పక్కన గడిపే సమయంలో మాత్రం చాలా తేడా వస్తుంది.

గోవా పేరు కూడా వస్తుంది కాబట్టి ఒక్క మాట. సికింద్రాబాద్ నుంచి వాస్కోకి 2024 అక్టోబరులో కొత్త రైలు వేశారు, సంతోషమే. కానీ ప్రయాణం సుమారు 20 గంటలు, పైగా రోజూ ఉండదు. అది వారం సెలవు దొరికినవాళ్ల సంగతి.

ఇక వైజాగ్. సుమారు 700 కిలోమీటర్లు. 1974 నుంచి నడుస్తున్న గోదావరి ఎక్స్‌ప్రెస్ నాంపల్లిలో సాయంత్రం 5 దాటాక బయల్దేరి తెల్లవారేసరికి వైజాగ్‌లో దించుతుంది. స్లీపర్ టికెట్ 500 లోపే. ఐదింటికల్లా ఆఫీసు నుంచి బయటపడలేనివాళ్లకు సికింద్రాబాద్‌లో రాత్రి 8 దాటాక గరీబ్‌రథ్ ఉంది, అంతా ఏసీయే. 2023 సంక్రాంతికి మొదలైన వందే భారత్ ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది కానీ తక్కువ ఖర్చు ప్రయాణానికి అది వద్దు. టికెట్ 1,500 దాటుతుంది, కూర్చునే వెళ్లాలి, రాత్రికి రూమ్ అద్దె వేరే. రాత్రి రైల్లో బెర్తు దొరికితే ఒక రాత్రి లాడ్జి ఖర్చు మిగిలినట్టే.

పాండిచ్చేరికి మామూలు దారి చెన్నై మీదుగా. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ సాయంత్రం నాంపల్లిలో ఎక్కితే పొద్దున్నే తాంబరం. అక్కణ్ణుంచి 2023 చివర్లో తెరిచిన కిలాంబాక్కం బస్టాండుకు వెళ్లి, టిండివనం మీదుగా పోయే బస్సు పట్టుకోవాలి. దాదాపు మూడు గంటలు. ఆ దారిలో సముద్రం కనపడదు కూడా. పాండిచ్చేరిలో దిగి బ్యాగు పెట్టేసరికి మధ్యాహ్నం. వచ్చేటప్పుడు చార్మినార్ తాంబరంలో సాయంత్రమే బయల్దేరుతుంది కాబట్టి ఆదివారం పొద్దున పదకొండుకల్లా ఊరు వదలాలి. అంటే చేతిలో ఉండేది ఒక రోజు కూడా కాదు. వైజాగ్‌లో అయితే శనివారం తెల్లవారుజాము నుంచి ఆదివారం రాత్రి గరీబ్‌రథ్ ఎక్కేదాకా మీదే. అందులో రెండు పూర్తి పగళ్లు. హైదరాబాద్ నుంచి పాండిచ్చేరికి నేరుగా ప్రైవేటు బస్సులున్నాయి కానీ రాత్రంతా, మర్నాడు పొద్దెక్కేదాకా బస్సులోనే.

వైజాగ్ స్టేషన్‌లో క్లోక్ రూమ్ ఉంది. బ్యాగుకు తాళం వేసి ఉంటేనే తీసుకుంటారు, చిన్న తాళం ఒకటి వెంట పెట్టుకోండి. వెయిటింగ్ హాల్లో స్నానం, పక్కన వేడి ఇడ్లీ, ఆ వెంటనే బీచ్. మధ్యాహ్నం దాకా రూమ్ అవసరమే రాదు.

ఊళ్లో తిరగడం దగ్గర మాత్రం పాండిచ్చేరిదే పైచేయి, ఇది ఒప్పుకోవాలి. వైజాగ్ సముద్రం వెంట పొడుగ్గా సాగిన ఊరు. ఆర్‌కే బీచ్ నుంచి భీమిలి పాతిక కిలోమీటర్ల పైనే. ప్రతిచోటికీ ఆటో అంటే జేబు ఖాళీ. 900K నంబరు సిటీ బస్సు గుర్తుపెట్టుకోండి. రైల్వే స్టేషన్ నుంచి బీచ్ రోడ్డు మీదుగా రుషికొండ, అక్కణ్ణుంచి భీమిలి వెళ్తుంది. కిటికీ పక్కన సీటు దొరికితే ఆ టికెట్‌కే సగం వైజాగ్ చూసేయొచ్చు. ఆధార్‌లో ఆంధ్రా అడ్రస్ ఉన్న అమ్మాయిలకు 2025 ఆగస్టు 15 నుంచి అక్కడి సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. హైదరాబాద్‌లో ఉంటున్నా అడ్రస్ మార్చుకోనివాళ్లు చాలామంది, వాళ్లకిది పనికొచ్చే మాట. తెలంగాణ అడ్రస్ ఉంటే టికెట్ తీసుకోవాల్సిందే.

వైజాగ్‌లో డబ్బు పెట్టి చూడాల్సింది ఒక్కటే అయితే కుర్సురా సబ్‌మెరైన్ చూడండి. 1969లో నౌకాదళంలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో రిటైరైంది. మరుసటి ఏడాది దాన్ని ఆర్‌కే బీచ్ ఒడ్డుకు లాక్కొచ్చి మ్యూజియం చేశారు. పొడవు 91 మీటర్లు, లోపల మాత్రం ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒత్తుకోవాల్సిందే. నెత్తిన పైపులు, గోడల నిండా మీటర్లు, చక్రాలు, ఒకదాని మీద ఒకటి ఇరికించిన బెర్తులు. నేవీలో చేసి రిటైరైనవాళ్లే దగ్గరుండి చూపిస్తారు. వాళ్లను ప్రశ్నలు అడగండి, హడావుడిగా బయటికి రాకండి. రోజుల తరబడి నీళ్ల కింద మనుషులు ఎలా బతికారో అక్కడ నిలబడితేనే అర్థమవుతుంది. సోమవారం సెలవు.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, దారిలో ఎర్రమట్టి దిబ్బలు, ఇవన్నీ ఆదివారం ఒక్క పూటలో అయిపోతాయి. అరకు మాత్రం ఈ ట్రిప్‌లో కలపకండి. ఆ కొండ రైలు ఎంత బాగున్నా రోజంతా తినేస్తుంది, సముద్రం కోసం వచ్చి కొండల్లో తిరిగినట్టవుతుంది.

నీళ్లలో దిగడం గురించి గట్టిగా చెప్పాలి. హుస్సేన్ సాగర్ గట్టు మీద పెరిగినవాళ్లకు కెరటం బలం తెలియదు. ఆర్‌కే బీచ్‌లో రాళ్లున్నాయి, లోపలికి లాగే ప్రవాహాలున్నాయి. మోకాళ్ల లోతులో నిలబడినా, వెనక్కి పోయే నీరు కాళ్ల కింద ఇసుకను తోడేస్తుంది. ఈత వచ్చు కదా అని ధైర్యం చేయొద్దు, చెరువు ఈత వేరు. దిగాలంటే రుషికొండలో, లైఫ్‌గార్డులు ఉన్నచోట, పగటిపూటే దిగండి. మందు తాగి నీళ్ల దగ్గరికి పోతున్న స్నేహితుడిని చెయ్యి పట్టుకుని ఆపండి, వాడు కోప్పడినా సరే. పాండిచ్చేరిలో సముద్రం పక్కనే ఉన్న రోడ్డు, ప్రామెనేడ్ దగ్గరైతే ఒడ్డు చాలావరకు పెద్ద బండరాళ్లే, అది కూర్చుని చూసే సముద్రం.

అలా కూర్చోవడంలో మాత్రం పాండిచ్చేరికి సాటి లేదు. సాయంత్రం 6 నుంచి ఆ రోడ్డు మీదికి బండ్లు రానివ్వరు. హారన్ లేదు, పొగ లేదు, నడిచేవాళ్లు, కెరటాల చప్పుడు. పక్కనే ఆవపిండి రంగు గోడల ఫ్రెంచి వీధులు, మీద పడిన కాగితపు పూల తీగలు. సైకిల్ అద్దెకు తీసుకుంటే చాలు. 1954 దాకా అక్కడ ఫ్రెంచివాళ్ల పాలన, మన యానాం కూడా ఆ పాలనలో ఉన్నదే, ఇప్పటికీ పాండిచ్చేరిలో భాగమే. 1968లో మొదలైన ఆరోవిల్, దేశదేశాలవాళ్లు కలిసి ఉండే ఊరు, పది కిలోమీటర్ల పైచిలుకు. అక్కడి ధ్యానమందిరం మాతృమందిర్ లోపలికి వెళ్లి కూర్చోవాలంటే ముందే బుక్ చేసుకోవాలి, అదీ ఒక్క రోజు ట్రిప్‌లో కుదిరే పని కాదు.

బసకు కూడా ఒంటరిగా వెళ్లేవాళ్లకు పాండిచ్చేరే నయం. డార్మిటరీ హాస్టళ్లు అక్కడ చాలా ఉన్నాయి. అరవిందాశ్రమం వాళ్ల గెస్ట్‌హౌస్‌లు శుభ్రంగా, చవగ్గా ఉంటాయి, కాకపోతే మందు, సిగరెట్ నిషేధం, రాత్రి గేటు మూసే వేళకు లోపల ఉండాలి. వైజాగ్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి డాబా గార్డెన్స్ వైపు, ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు లాడ్జి తీసుకుంటే తలకు తక్కువ పడుతుంది. గది, బాత్రూమ్ చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.

తిండికి వైజాగ్. చేపల పులుసుతో భోజనం కడుపు నిండా తినొచ్చు, ఏం కావాలో మన భాషలో అడగొచ్చు. సాయంత్రం బీచ్‌లో ముంత కింద పప్పు తప్పకుండా తినండి. ఉల్లిపాయ, టమాటా, నిమ్మరసం కలిపి కాగితం పొట్లంలో చేతికిస్తాడు.

కాబట్టి రెండు రోజులే ఉంటే వైజాగ్, ఇంకో ఆలోచన వద్దు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, అప్పుడే తీసుకోండి. తత్కాల్ మీద ఆశ పెట్టుకుంటే ముందురోజు ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు టెన్షన్ తప్పదు. నాలుగు రోజులు దొరికితే పాండిచ్చేరి వెళ్లండి, కానీ వారాంతంలో కాదు. శని, ఆదివారాలు చెన్నై, బెంగళూరు జనం దిగిపోయి రూముల రేట్లు పెంచేస్తారు. ఆదివారం సాయంత్రం చార్మినార్ ఎక్కితే సోమవారం మధ్యాహ్నానికి మీరక్కడ ఉంటారు, అప్పటికి వాళ్లు వెళ్లిపోయి ఉంటారు, రేట్లూ దిగి ఉంటాయి.