కిటికీలో ఆఫ్రికన్ వయొలెటా, పెరట్లో డిసెంబరమా?

మొదటి ఆఫ్రికన్ వయొలెట్‌కి మందారానికి పోసినట్టే పైనుంచి నీళ్లు పోశాను. నెల తిరక్కముందే నడిమి చిగురు నల్లబడి, ముట్టుకుంటే ఊడి చేతికొచ్చింది. ఎంత బాధపడ్డానో! రెండోది నాలుగేళ్లుగా తూర్పు కిటికీలో ఉంది. పెరట్లో గోడవార డిసెంబరాలు అంతకంటే ముందు నుంచీ ఉన్నాయి. విజయనగరంలో ఏది పెంచుకుంటే మేలని చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నాను.

పేరుకి రెండూ వయొలెట్లే గానీ అసలు వయొలెట్ జాతికి ఏదీ చెందదు. డిసెంబరాన్ని ఇంగ్లీషులో ఫిలిప్పీన్ వయొలెట్ అంటారు. మొక్క మాత్రం మన దేశానిదే, కనకాంబరానికి చుట్టం. ఆఫ్రికన్ వయొలెట్ టాంజానియా కొండల్లో రాళ్ల నీడన పెరిగేది. 1892లో ఒక జర్మన్ అధికారి దాన్ని జర్మనీలో ఉన్న తండ్రికి పంపాక లోకానికి తెలిసింది. ఇక అసలు వయొలెట్లు చల్లటి ప్రాంతాలవి, మన మే నెలకి నిలవవు. వాటి చుట్టం ప్యాన్సీని నవంబరులో కుండీలో పెడితే మార్చి దాకా ముచ్చట, అంతే.

ఆఫ్రికన్ వయొలెట్‌కి 18 నుంచి 26 డిగ్రీల మధ్య హాయి. మన వేసవిలో పడగ్గది చల్లదనంలోకి మార్చాల్సిందే. పెరటి మట్టి పనికిరాదు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) కలిపి చిన్న కుండీలో వేయాలి, కుండీ పెద్దదైతే తడి ఆరక వేర్లు కుళ్లుతాయి. నీళ్లు కింది పళ్లెంలో పోసి, అరగంటయ్యాక మిగిలింది పారబోయాలి. నూగు ఆకుల మీద చల్లటి చుక్క పడితే తెల్లమచ్చ పడుతుంది, ఇక పోదు. ఇంత చాకిరీకీ ఫలం ఉంది. కాడతో తుంచిన ఒక్క ఆకుని తడి కోకోపీట్‌లో గుచ్చితే, రెండు నెలలకి దాని మొదట్లో ఎలక చెవులంత బుల్లి ఆకులు లేస్తాయి. అది చూసిన రోజు ఆ మొక్కని వదలబుద్ధి కాదు.

డిసెంబరానికి ఇవేమీ అక్కర్లేదు. వానాకాలంలో కొమ్మ గుచ్చితే బతుకుతుంది, పూత అయ్యాక ఫిబ్రవరిలో కత్తిరిస్తే గుబురెక్కుతుంది. దసరా తర్వాత వచ్చే మా ఊరి పైడితల్లి సిరిమానోత్సవం వెళ్లిన కొద్ది వారాలకి మొగ్గ తొడిగి, సంక్రాంతి దాకా పూస్తుంది. వాసన లేదు. అయినా మా అత్తయ్య పొద్దున్నే కోసి, మధ్యలో మరువం పెట్టి కట్టిన దండ ముందు మల్లె కూడా గుర్తురాదు నాకు.

పెరడుంటే మొదట డిసెంబరమే పెట్టండి. అపార్ట్‌మెంటులో ఉండి, లేత ఎండ పడే కిటికీ ఉంటే ఆఫ్రికన్ వయొలెట్ తెచ్చుకోండి. తరచూ ఊళ్లకి వెళ్లేవాళ్లు మాత్రం దాని జోలికి పోవద్దు. పది రోజులు తాళం వేసి వెళ్తే చూసేవాళ్లు కావాలి. నేనైతే ఊరెళ్లేటప్పుడు నా కుండీని పక్కింటి పిన్నిగారి వంటింటి కిటికీలో పెట్టి, పైనుంచి పోయొద్దని రెండుసార్లు చెప్పి వెళ్తాను.