మహేంద్రగిరి బురదలో నాలుగు వానాకాలాలు: రెండు జతల బూట్ల సంగతి

వానాకాలం ఆదివారాల్లో తెల్లవారకముందే బూట్ల తాళ్లు కట్టుకుంటుంటే మా అమ్మ ఒకటే మాట అంటుంది: "అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటూ 2021 జూన్ నుంచి నాలుగు వానాకాలాలు ఆ అడుసే తొక్కాను. అన్నీ పొద్దున వెళ్లి చీకటి పడేలోగా తిరిగొచ్చే నడకలే, లెక్క చూస్తే నలభై దాకా తేలాయి. ఎక్కువ భాగం గజపతి జిల్లాలో మహేంద్రగిరి చుట్టుపక్కల. రెండుసార్లు మాత్రం కోరాపుట్ జిల్లా దేవమాలికి వెళ్లాను. మహేంద్రగిరి ఎత్తు 1501 మీటర్లు, దేవమాలి 1672. ఈ అంకెలు చూసి హిమాలయాలు తిరిగినవాళ్లు నవ్వుతారు. బండి దారిన పైకి వెళ్లి ఫోటో దిగేవాళ్లకు నవ్వే హక్కు ఉంది. సవర గిరిజనుల ఊళ్ల దగ్గర మెట్ల పొలాల గట్ల మీదుగా, గెడ్డలు, అంటే కొండవాగులు, దాటుతూ, ఆగస్టులో ఎక్కి చూస్తే నవ్వు మోకాలి దగ్గరే ఆగిపోతుంది.

మొదటి జత ఖరీదు 7,800 రూపాయలు. చీలమండ దాకా వచ్చే బూట్లు, లోపల నీరు దూరని పొర. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే తప్పు కంపెనీది ఎంతో, నాది ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఈ పొర చేసే పని సులువుగానే అర్థమవుతుంది. దాని రంధ్రాలు నీటి చుక్క కన్నా వేల రెట్లు చిన్నవి, ఆవిరి అణువు కన్నా పెద్దవి. అందుకే వాన లోపలికి రాదు, చెమట ఆవిరై బయటకు పోతుంది. అయితే ఆవిరి బయటకు పోవాలంటే బయటి గాలిలో దానికి చోటుండాలి. ఆరేసిన లుంగీ మూడు రోజులైనా ఆరని ముసురులో బూటులోని చెమట ఎటు పోతుంది? రెండు గంటలు గడిచేసరికి మేజోళ్లు తడిసేవి, వాన వల్ల కాదు, నా చెమట వల్లే.

అసలు చిక్కు పై నుంచి వచ్చింది. తొడల ఎత్తు తడిగడ్డిలో నడిస్తే నీరు ప్యాంటు మీదుగా జారి నేరుగా బూటులోకి దిగుతుంది. గెడ్డ దాటితే చెప్పనక్కరలేదు. నీటిని లోపలికి రానివ్వని బూటు, వచ్చిన నీటిని బయటికీ పోనివ్వదు. నాతో వచ్చే మా బావ ఒకసారి వెనక నుంచి అన్నాడు: "బావా, నువ్వు కొండెక్కుతున్నావా, రెండు చెరువులు మోస్తున్నావా?" నడుస్తుంటే నిజంగానే చప్పుడు వచ్చేది. ఇంటికి తెచ్చి పాత దినపత్రికలు కుక్కితే మూడు రోజులకు గాని ఆరేవి కావు. వాసన సంగతి మా ఇంట్లోవాళ్లను అడగాలి.

మూడో వానాకాలంలో, దిగుతుండగా, కుడి బూటు అడుగు అట్ట ముందు వైపు ఊడి నోరు తెరిచింది. సంచి కట్టిన తాడు విప్పి బూటు చుట్టూ బిగించి, కుంటుకుంటూ ఊరు చేరాను. గ్యారంటీ కింద అడిగితే తయారీ లోపం కాదన్నారు. తర్వాత తెలిసిందేమిటంటే, అట్టకూ పై భాగానికీ మధ్య మెత్తగా ఉండే పాలీయురేథేన్ పొర తేమకు రసాయనికంగా విడిపోతుంది, వాడకుండా పెట్టెలో దాచినా సరే. కొండ మీద ఊడిపోకూడదంటే ప్రతి ఏడూ మొదటి వానకు ముందు బూటును రెండు చేతులతో వంచి చూసుకోవాలి. నేను చూసుకోలేదు.

రెండో జత సంతలో కొన్నాను, 350 రూపాయలు. అతుకు లేకుండా ఒకే అచ్చులో పోసిన ప్లాస్టిక్ బూట్లు, అడుగున దూరదూరంగా ముద్దపళ్లు. పొలం పనికి వెళ్లేవాళ్లు వేసుకునేవి. ఇంటికి తెచ్చి, చెప్పులు కుట్టే ఆరెను ఎర్రగా కాల్చి, దాంతో ఒక్కో బూటుకు రెండు పక్కలా మడమ దగ్గర రెండేసి చిల్లులు పొడిచాను. అంతే, గెడ్డ దాటి పది అడుగులు వేస్తే నీరంతా పోతుంది.

పట్టు తేడా ఎక్కడుందో మట్టిని చూస్తే తెలుస్తుంది. ఈ కొండల్లో ఖొండలైటు అనే రాయి బాగా కనిపిస్తుంది. ఆ పేరు ఇక్కడి కొండ్ గిరిజనుల మీదుగా వచ్చిందే. అది చివికితే ఎర్రటి బంకమట్టి అవుతుంది. ఖరీదైన బూటు పళ్లు దగ్గరదగ్గరగా ఉండటంతో సందులు మట్టితో పూడిపోయి, అడుగు నున్నటి పీటలా తయారయ్యేది. చౌక బూటు పళ్ల మధ్య ఎడం ఉంది, రెండు అడుగులకొకసారి మట్టి తనంతట తనే రాలిపోతుంది. బురద వాలులో నేను పడిన సార్లు సగానికి తగ్గాయి.

ఇక దీని దోషాలు. పాచి పట్టిన బండ మీద ఈ ప్లాస్టిక్‌ను నమ్మితే నడుము విరుగుతుంది, నాకు మోచెయ్యి చీరుకుపోయింది. బండల దగ్గర ఖరీదైన బూటు రబ్బరే మేలు, ఒప్పుకోవాలి. చీలమండకు ఆసరా లేదు. దిగేటప్పుడు వేళ్లు ముందుకు గుద్దుకుని బొటనవేలి గోరు నల్లబడింది. పొడవాటి మేజోళ్లు లేకపోతే బొబ్బలు ఖాయం. ఒక్క వానాకాలానికి మించి రాదు కూడా. అయినా వెదురు కర్ర ఒకటి చేతిలో ఉంటే సగం దోషాలు సర్దుకుంటాయి.

జలగలకు ఏ బూటూ అడ్డు కాదు. ప్యాంటును మేజోళ్లలోకి దోపి, ఉప్పు మూట తడిపి పైన రుద్దుకుంటే చాలాసేపు దగ్గరికి రావు, వాన గట్టిగా కడిగేదాకా. దోమలను మాత్రం తేలికగా తీసుకోకండి. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర భాష నేర్వడానికి ఈ కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, వాడిన క్వినైన్‌కు వినికిడి పోగొట్టుకున్నారు. గిడుగు అంటే తాటాకు గొడుగు. ఇంటిపేరులో వానకు అడ్డు ఉంది కానీ దోమకు లేదు.

గొడుగు సంగతి వచ్చింది కనుక: నడకకు ప్లాస్టిక్ రెయిన్‌కోటు కన్నా గొడుగే హాయి, ఎదురుగాలి లేనంతవరకు. పిడుగుల వేళ మాత్రం గొడుగూ వద్దు, గుట్ట అంచూ వద్దు. గెడ్డ నీరు ఉన్నట్టుండి ఎర్రబడి, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తే పైన గట్టిగా కురిసినట్టు. అప్పుడు దాటకుండా ఒడ్డునే కూర్చోవాలి. ఒకసారి అలా గంటన్నర కూర్చున్నాం, బావ తెచ్చిన అటుకులన్నీ అయిపోయాయి.

ఖరీదైన జతకు కొత్త అట్ట కుట్టించి నవంబరు నుంచి వాడుతున్నాను. బురద లేని దారిలో అవి నిజంగా మంచి బూట్లు, ఐదుకు నాలుగు మార్కులు వేస్తాను. వానలో ఒకటిన్నర. సంత జతకు వానలో నాలుగు, బండల మీద ఒకటి. కిందటి వారం ఐదో వానాకాలానికి కొత్త జత తెచ్చాను, వెల 380 అయింది. ఆరె ఇంకా పొయ్యి మీదే ఉంది.