కమురు గురువారం, పిండి సోమవారం

ఏథెన్స్‌లో ఆ సాయంత్రం మాకు దారి అడిగే పని పడలేదు. మొనాస్తిరాకి మెట్రో మెట్లెక్కి బయటికి రాగానే కాలుతున్న మాంసం వాసనే ముక్కు పట్టుకుని ప్సిర్రీ సందుల్లోకి లాక్కుపోయింది. పండుగ పేరు కూడా అదే. గ్రీకులో ‘త్సిక్నా’ అంటే మాంసం కాలే కమురు, ‘పెంప్తీ’ అంటే గురువారం. రెండూ కలిపితే త్సిక్నోపెంప్తీ. 2024లో అది మార్చి 7న వచ్చింది.

ఈస్టర్ ఉపవాసానికి ముందు మూడు వారాలు అక్కడ విందుల కాలం. రెండో వారం మాంసానిది, మూడోది చీజుది. బుధ, శుక్రవారాలు ఎటూ ఉపవాస దినాలు కనుక, మాంసం వారంలో మధ్యనున్న గురువారం మీద అందరూ పడతారు. కార్తీకం ముందురోజు మా వీధిలో ప్రతి ఇంటి నుంచీ వచ్చే కోడికూర ఘుమఘుమ గుర్తొచ్చింది. తేడా ఏమిటంటే, ఇక్కడ పొయ్యి వీధిలోనే ఉంటుంది. మాంసం కొట్ల వాళ్లు కాలిబాట మీదికే బొగ్గుల పొయ్యిలు తెచ్చి సువ్లాకి పుల్లలు, సాసేజీలు, గొర్రె పక్కటెముకలు కాలుస్తున్నారు.

టావెర్నాల్లో, అంటే అక్కడి చిన్న భోజనశాలల్లో, బల్లలు వారం ముందే నిండిపోయాయి. ఆ సంగతి మాకు తెలియదు. నేను నిలబడే కడుపు నింపుకున్నాను, బాగుంది. మా ఆవిడ శాకాహారి. ఆమెకు దొరికింది వేయించిన బంగాళాదుంపలు, ఫెటా చీజు వేసిన టమాటా దోసకాయ సలాడ్, పక్కవాళ్ల పొగ. పైగా బస కూడా ప్సిర్రీలోనే తీసుకోవడం నా తెలివితక్కువతనం. తెల్లవారుజామున మూడింటి దాకా కిటికీ కింద పాటలే. మర్నాడు అక్రోపోలిస్‌కు దక్షిణాన ఉన్న కుకాకికి మారాము. విందుకు ప్సిర్రీ, నిద్రకు కుకాకి అనుకుంటే సరిపోతుంది.

మధ్య రోజులు నాఫ్ప్లియోలో గడిపాము. చిన్న ఊరు, మర్యాదస్తులు, పలమీది కోట మెట్లు మోకాళ్లను పరీక్షిస్తాయి. అంతకుమించి చెప్పేది లేదు.

అసలు ఖర్చు పాత్రాస్‌లో. ఉపవాసానికి ముందు వేషాలతో, ఊరేగింపులతో జరిగే పండుగ కార్నివాల్. గ్రీసులో అతి పెద్దది ఇక్కడే. ఏథెన్స్ నుంచి బస్సులో సుమారు మూడు గంటలు. చివరి వారాంతానికి మేము ముందే తీసుకున్న గదిని యజమాని ఐదు రోజుల ముందు రద్దు చేశాడు. ఊళ్లో మిగిలిన గదుల ధర మూడింతలయింది. చివరికి ఊరి బయట రియో వైపు ఒక పెద్దావిడ ఇంట్లో గది దొరికింది. మొత్తం యాత్రలో మంచి బస అదే. ఆదివారం ఊరేగింపు గంటల తరబడి సాగింది. వేషం కట్టి ఏదో ఒక బృందంలో చేరితే సరదా కానీ, గట్టున నిలబడి చూసేవాళ్లకు రెండో గంట నుంచి చెవిపోటే. రాత్రి రేవులో కార్నివాల్ రాజు బొమ్మను తగలబెట్టడం మాత్రం తప్పక చూడాలి.

తిరిగి వచ్చేసరికి పెద్దావిడ ఉడికించిన గుడ్లు పెట్టి ఉంచింది. ఉపవాసానికి ముందు ఆఖరి ముద్దగా గుడ్డు తిని నోరు మూసి, ఈస్టర్ నాడు ఎర్ర గుడ్డుతో తెరవాలట. మా ఆవిడ గుడ్డు కూడా తినదని తెలిసి ఆమె కాసేపు కంగారుపడి, చివరికి ఒక నారింజ చేతిలో పెట్టి నోరు మూయించింది.

సోమవారం, మార్చి 18. ‘కథారా దెఫ్తేరా’, అంటే శుద్ధ సోమవారం. ఉపవాసం మొదలు. సెలవు రోజు బస్సులను నమ్మలేక కారు అద్దెకు తీసుకుని, రియో అంతిరియో వంతెన దాటి గలక్సీదీ రేవుకు వెళ్లాము. మాంసం, పాలు, గుడ్లు, చేపలు అన్నీ నిషిద్ధమే. నెత్తురు లేనివని ఆక్టోపస్, రొయ్యలకు మినహాయింపు. బల్ల మీదికి ఏమొచ్చాయో చూడండి: ఆ ఒక్క రోజుకే కాల్చే లగానా రొట్టె, నువ్వులు చల్లి, వేళ్లతో గుంటలు నొక్కి చేసినది. టమాటాలో ఉడికిన పెద్ద తెల్ల చిక్కుడు గింజలు. ఆలివ్‌లు. బియ్యం పొదిగిన ద్రాక్షాకు చుట్టలు. నువ్వుల ముద్దతో చేసిన హల్వా, చాకు తగిలితే పొడిపొడిగా రాలేది. పన్నెండు రోజుల్లో మా ఆవిడ రెండోసారి వడ్డించుకున్నది ఉపవాసం రోజునే. ఒక్క రోజుకే వెళ్లగలిగినవాళ్లు గురువారాన్ని వదిలేసి ఈ సోమవారాన్నే ఎంచుకోవాలని నా సలహా.

భోజనాలయ్యాక రేవు వెంట పిండి యుద్ధం మొదలైంది. రంగు కలిపిన గోధుమపిండిని సంచులకొద్దీ ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. ఇళ్లకు ముందే ప్లాస్టిక్ పట్టాలు కప్పి ఉంచుతారు. మన హోలీయే గానీ పొడి మరీ మెత్తన, గొంతులోకి పోతుంది. ముఖానికి గుడ్డ, కళ్లద్దాలు, పారేయదగ్గ బట్టలు ఉండాలి. కారును ఊరి బయటే ఆపాలి. మేము ఆపలేదు.

కారు తిరిగి అప్పగించినప్పుడు అక్కడి కుర్రాడు తలుపు మీద వేలు రాసి, అంటిన నీలం పొడి చూసి, “గలక్సీదీ” అన్నాడు. శుభ్రం చేసినందుకు యాభై యూరోలు వేసిన రశీదు ఇస్తూ, నవ్వుతూ “కలీ సరకోస్తీ” అని కూడా అన్నాడు. ఉపవాసం శుభంగా సాగాలని దాని అర్థం.