ఎన్టీఆర్ రథమా, వైఎస్ నడకా?

1982 మార్చిలో పార్టీ పెట్టి, పాత షెవర్లే వ్యాన్‌ను చైతన్యరథంగా మార్చుకుని ఊరూరా తిరిగిన ఎన్టీఆర్ తొమ్మిది నెలల్లోనే తరాల నాటి కాంగ్రెస్ ఇళ్లలో కూడా చీలిక తెచ్చారు. ఆత్మగౌరవం అన్న మాట గుండెకి, కిలో రెండు రూపాయల బియ్యం కడుపుకి తగిలాయి. కాంగ్రెస్ తప్ప ఎరగని మా తాతయ్య ఆ జనవరిలో సైకిల్‌కి గుద్దొచ్చి, నానమ్మకి మాత్రం చెప్పలేదట!

వైఎస్‌ది వేరే దారి. 2003 ఎండల్లో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా దాదాపు 1,500 కిలోమీటర్లు నడిచారు, కరువులో ఉన్న రైతు కరెంటు బిల్లు గోడు విన్నారు, 2004లో గెలవగానే ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం పెట్టారు.

నడకే గొప్పదంటారు చాలామంది. నేను ఒప్పుకోను. వైఎస్ జనాన్ని అప్పటికే ఉన్న పార్టీకి వెనక్కి తెచ్చారు, ఎన్టీఆర్ జనాన్ని అంతకు ముందు అసలు లేని పార్టీకి తెచ్చారు.