వైఎస్‌జెడ్ పెల్లెట్టా, జీడీసీ పెల్లెట్టా: ఏది మేలు?

ప్రాజెక్టుల సీజన్ వస్తే చాలు, తిరుపతిలో ఎమ్మెస్సీ పిల్లలు అడిగేది ఇదే: "అన్నా, ఫ్యూయల్ సెల్ ఎలక్ట్రోలైట్‌కి వైఎస్‌జెడ్ తీసుకోమంటారా, జీడీసీ తీసుకోమంటారా?" వైఎస్‌జెడ్ అంటే యిట్రియా కలిపిన జిర్కోనియా, జీడీసీ అంటే గాడోలినియా కలిపిన సీరియా (సీరియం ఆక్సైడ్). ఈ పొడిని బిళ్లగా నొక్కి కాల్చితే పెల్లెట్. ఎలక్ట్రోలైట్‌గా అది అయాన్లను పోనివ్వాలి, ఎలక్ట్రాన్లను ఆపాలి.

పరిశోధన పేపర్లలో కండక్టివిటీ గ్రాఫు చూసినవాళ్లు జీడీసీ అంటారు. నిజమే, 600 డిగ్రీల దగ్గర జిర్కోనియాలో కంటే సీరియాలో ఆక్సిజన్ అయాన్లు కొన్ని రెట్లు సులువుగా కదులుతాయి. సెల్ నడిచే వేడి తగ్గితే స్టీలు భాగాలు వాడుకోవచ్చు, సీలింగ్ తలనొప్పీ తగ్గుతుంది.

అయినా నా ఓటు వైఎస్‌జెడ్‌కే. ఆ గ్రాఫులు ఎక్కువగా గాలిలో కొలిచినవి. సెల్‌లో ఒకవైపు హైడ్రోజన్ ఉంటుంది. అది తగిలిన చోట సీరియం నాలుగు నుంచి మూడు వేలెన్సీకి దిగుతుంది, ఎలక్ట్రాన్లకు పెల్లెట్ లోపలే దారి దొరుకుతుంది. బయటి తీగలో పారాల్సిన కరెంటు లోపలే కారిపోతుంది. లోడు కలపకుండా కొలిస్తే వైఎస్‌జెడ్ సెల్ ఒక వోల్టు దాటుతుంది, జీడీసీ సెల్ చాలాసార్లు 0.8, 0.9 దగ్గరే ఆగుతుంది. లేత పసుపు జీడీసీ పెల్లెట్‌ను 800 డిగ్రీల హైడ్రోజన్‌లో ఉంచి, అందులోనే చల్లార్చి తీయండి. నల్లబడి ఉంటుంది. ఆక్సిజన్ పోయి ఉబ్బడంతో పగుళ్లు కూడా రావచ్చు. వైఎస్‌జెడ్‌కు ఈ బాధ లేదు.

ఆక్సిజన్ సెన్సర్‌కైతే ఆలోచించే పనే లేదు. అలిపిరి దాటి ఘాట్ ఎక్కే పెట్రోలు కార్లలో చాలావాటికి పొగగొట్టంలో ఉండేది జిర్కోనియా సెన్సరే. పెట్రోలు ఎక్కువైతే 0.9 వోల్టు, గాలి ఎక్కువైతే 0.1 దగ్గర చూపిస్తుంది. జీడీసీలోలా ఎలక్ట్రాన్లు లీకైతే ఆ అంకెను నమ్మేదెలా?

ఫర్నేస్ విషయంలో పెద్ద తేడా లేదు, మామూలు పొడితో పెల్లెట్ గట్టిపడేలా కాల్చడానికి రెండింటికీ 1400 డిగ్రీలు కావాలి. మిగతా ఎలక్ట్రోలైట్లలో బిస్మత్ ఆక్సైడ్ హైడ్రోజన్‌లో లోహమైపోతుంది, వదిలేయండి. లాంథనం గాలేట్ మంచిదే గానీ, సింగిల్ ఫేజ్ (వేరే పదార్థం కలవని శుద్ధమైన పొడి) రాబట్టడానికే ప్రాజెక్టు గడువు అయిపోతుంది.

జీడీసీకి సరైన చోటు గాలి వైపు. ఎల్‌ఎస్‌సీఎఫ్ (లాంథనం, స్ట్రాన్షియం, కోబాల్ట్, ఇనుము కలిసిన ఆక్సైడ్) కేథోడ్, అంటే గాలి వైపు ఎలక్ట్రోడ్, నేరుగా వైఎస్‌జెడ్‌ను తాకితే మధ్యలో స్ట్రాన్షియం జిర్కోనేట్ పుట్టి అయాన్లకు అడ్డుపడుతుంది. పలుచటి జీడీసీ పొర దాన్ని ఆపుతుంది.

జీడీసీతోనే సెల్ చేస్తామంటే 500, 550 డిగ్రీల దగ్గర పని పెట్టుకోండి. ఇంపిడెన్స్‌ను (ఏసీ కరెంటుకు పెల్లెట్ చూపే నిరోధాన్ని) గాలిలో కొలిచి ఆపేయకండి. ఒకవైపు హైడ్రోజన్, ఒకవైపు గాలి పెట్టి, వచ్చిన వోల్టేజీని రిపోర్టు మొదటి పట్టికలోనే చూపించండి.