ఇనుప గుంత పొంగనాల పెనం, 7 గుంతలది: పిలకాయలతో నాలుగు నెలలు వాడినాక రాస్తా ఉన్నా

మాది తిరుపతి, కొర్లగుంట. పెద్దోడికి 9 ఏండ్లు, పాపకి 5. పోయిన నవంబర్లో ముసురు పట్టినప్పుడు స్కూల్ నుంచి రావడం ఆలస్యం, నూడుల్స్ చెయ్యి, లేకపోతే బండి దగ్గర పునుగులు తీసుకురా అని రోజూ ఒకటే గొడవ. చలిగాలికి వేడివేడిగా ఏదో ఒకటి నోట్లో పడాల, అది పిలకాయలకైనా మనకైనా ఒకటే, నేను కాదనను. కానీ దినామూ నూనెలో దేవినవి పెట్టాలంటే నాకు మనసొప్పలేదు. అందుకని గాంధీ రోడ్డు వైపు పోయి ఒక బోకులంగట్లో ఈ పోత ఇనుము పెనం తెచ్చుకున్నా. 850 రూపాయలు, బరువు రెండు కేజీల దాకా ఉంటాది.

అంతకు ముందు మా ఇంట్లో నాన్‌స్టిక్‌ది ఉండేది, కంపెనీ పేరు ఎందుకులెండి. ఎనిమిది నెలలకే గుంతల్లో పూత లేచిపోయింది. ఒకరోజు పాప పొంగనం తుంచితే లోపల నల్లటి పొర కనపడింది, ఆ రోజే దాన్ని అటక మీద పడేసినా. ఖాళీ పెనం పెద్ద మంట మీద వదిలేస్తే ఆ పూత తొందరగా పాడైపోతాది, 260 డిగ్రీలు దాటితే చెడిపోవడం మొదలవుతాది. పొంగనాలకి మనం చేసేది అదే గదా, ముందు ఖాళీ పెనం కాల్చుకోవడం.

ఇనుముదైతే ఆ భయం లేదు, కాకపోతే మొదట్లో ఓపిక కావాల. అంగట్లో ఆయన "సీజనింగ్, అంటే నూనె పట్టించి కాల్చేది, అయిపోయిందమ్మా, ఈ రోజే వాడుకోవచ్చు" అన్నాడు, నేను నమ్మి ఆ రాత్రే పోసినా, ఏడుకి ఏడూ అతుక్కుని పోయినాయి. గీకి గీకి తీస్తే ముక్కలు వచ్చినాయి, పాప ఏడ్చింది. అట్ల చెప్పి అమ్మకూడదు, నాకు శానా బాధ అనిపించింది. తర్వాత మా అత్త ఫోన్లో చెప్పినట్టు మూడు దినాలు బియ్యం కడిగిన నీళ్ళు మారుస్తా మారుస్తా నానేసి, తుడిచి, నువ్వుల నూనె పల్చగా పూసి పొగ వచ్చేదాకా కాల్చి చల్లార్చి, అట్ల ఐదుసార్లు చేసి, ఆఖర్లో సగం ఎర్రగడ్డ ఫోర్క్‌కి గుచ్చి గుంత గుంతకీ రుద్దినా. నూనె కాలి ఇనుముకి గట్టిగా పట్టుకుంటాది, అదే పూత. ఆ తర్వాత పోసినవి చెంచాతో తాకితే చాలు గిర్రున తిరిగినాయి.

ఇంక అసలు సంగతికొస్తే, ఈ పెనం వచ్చినాక పిలకాయలు వంటింట్లో నాతో నిలబడతా ఉన్నారు. దోసె అయితే వాళ్ళ చేతికి ఇవ్వలేం, పిండి తిప్పడం రాదు, చిరిగిపోతాది. పొంగనం అట్ల కాదు, చిన్న గుంత, ఒక గరిటె, అంతే. పెనం చల్లగా ఉన్నప్పుడు పాప గుడ్డ ముక్క నూనెలో ముంచి ఏడు గుంతలూ తుడుస్తాది, లెక్క పెట్టుకుంటా తుడుస్తాది, ఒకటి మర్చిపోతే మళ్ళీ మొదట్నుంచి. పెద్దోడు కత్తెరతో కొత్తిమీర, కరేపాకు కత్తిరించి, తురిమిన క్యారెట్, ఎర్రగడ్డ, జీలకర్ర పిండిలో కలుపుతాడు. తిప్పేది కూడా వాడే, పక్కన నేను నిలబడి ఉంటే. సన్న కట్టెపుల్ల అంచులోకి దింపి కొంచెం ఎత్తితే అడుగున ఎర్రగా కాలిన బుగ్గ పైకి వస్తాది చూడండి, ఆ క్షణంలో వాడి మొహం చూడాల.

ఒక లోపం వాడే కనిపెట్టినాడు. గ్యాస్ మీద నడిమి గుంతకి మంట ఎక్కువ తగులుతాది, చుట్టూ ఉన్నవి కాలేలోపల అది మాడతా ఉంది. రెండు మూడుసార్లు చూసి "అమ్మా, నడిమిది ఆఖర్లో పోసి ముందు తీసేద్దాం" అన్నాడు. అప్పట్నుంచి అట్లనే చేస్తా ఉన్నాం, ఒక్కటీ మాడలేదు.

పిండి నా లెక్క ఇది: రెండు గ్లాసుల దోసె బియ్యం, ముప్పావు గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు ఐదు గంటలు నానేసి రుబ్బి, దాంట్లో ఒక గ్లాసు రాగిపిండి కలిపి రాత్రంతా పులవనిస్తా. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైన కాల్షియం ఉంటాది, అంతే బరువు ఆవు పాలలో దాంట్లో సగం కూడా ఉండదు. మన పక్కన పెరుమాళ్ళపల్లి పరిశోధన కేంద్రం వాళ్ళు వకుళ, తిరుమల అని రాగి రకాలే తీసినారు, అంత రాగుల సీమ మనది, అయినా మా పిలకాయలు సంగటి ముద్ద చూస్తే మూతి తిప్పుకునేవాళ్ళు. ఇప్పుడు అదే రాగి, శెనక్కాయల ఊరిబిండితో ఒక్కొక్కరు ఎనిమిది తింటా ఉన్నారు. గుంతకి నాలుగు చుక్కల నూనె చాలు. పులిసిన పిండి ఇనుములో కాలితే తిండిలోకి ఐరన్ కూడా కొంచెం దిగుతాది.

తీపివి కూడా చేస్తాం, చిత్తూరు బెల్లం కరిగించి వడగట్టి, మాగిన అరటిపండు, కొబ్బరి, యాలక్కాయ వేసి. కానీ పెనం పదునుకు రాకముందే తీపి పోయొద్దండి, బెల్లం మాడి గుంతకి పట్టేస్తాది. మంట బాగా తగ్గించి మూత పెట్టాల.

పిడుల గురించి గట్టిగా చెప్పాల. రెండు పిడులూ ఇనుమే, కట్టె తొడుగు లేదు, పెనంతో పాటు అవీ కాలతాయి. డిసెంబర్లో ఒకసారి నేను ఫోన్ ఎత్తేదానికి అటు తిరిగినా, పెద్దోడు ఉత్త చేత్తో పట్టుకున్నాడు. రెండు వేళ్ళు ఎర్రగా కమిలినాయి, వెంటనే కొళాయి కింద 20 నిమిషాలు పెట్టి పట్టుకున్నా, బొబ్బ రాలేదు, కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు పొయ్యి మీద పెనం ఉంటే ఫోన్ హాల్లోనే. పాపని పొయ్యి దగ్గరికి రానీను, ఆమె పని టేబుల్ దగ్గరే. తయారుచేసేవాళ్ళు ఒక కట్టె పిడి బిగించి ఇస్తే ఇంకో వంద రూపాయలైనా సంతోషంగా ఇస్తాం.

కడగడానికి వేడినీళ్ళు, పీచు చాలు. కడిగిన వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి నూనె రాయాల, నేను ఒక రాత్రి సింకులో వదిలేస్తే పొద్దునకి తుప్పు. ఇండక్షన్ మీద ఇది కుదరదు, అడుగున కూడా బుడిపెలే కాబట్టి ఆనదు. నలుగురి కంటే ఎక్కువ మంది ఉంటే 12 గుంతలది తీసుకోండి, మాకే ఒక్కోసారి నాలుగు వాయిలు పోయాల్సి వస్తా ఉంది, ఆఖరి వాయి నాకు వచ్చేసరికి పాప పడుకుని ఉంటాది. రెండు కేజీలు మోయలేని పెద్దోళ్ళు ఒంటరిగా ఉండే ఇంటికి మాత్రం వద్దంటా.

5కి 4 ఇస్తా ఉన్నా, ఆ ఒకటి తగ్గించింది పిడులకే. ఈ రోజు కూడా మినప్పప్పు నానేసినాము, గ్లాసుతో కొలిచి పోసింది పాప.