పిల్లల ఓపీలో రన్ చార్ట్: నాలుగేళ్లు వాడాక

పిల్లల క్లినిక్‌లో పనితీరు బాగుపడాలంటే ముందు సాఫ్ట్‌వేర్ కొనాలనుకుంటారు చాలామంది. మా ఓపీలో నాలుగేళ్లుగా నడుస్తున్నవి ఒక గ్రాఫ్ పుస్తకం, రెండు రంగుల పెన్నులు, పీఓసీక్యూఐ (పాయింట్ ఆఫ్ కేర్ క్వాలిటీ ఇంప్రూవ్‌మెంట్, అంటే వైద్యం అందే చోటే నాణ్యత పెంచుకోవడం) పద్ధతి. ఢిల్లీ ఎయిమ్స్, డబ్ల్యూహెచ్‌ఓ ఆగ్నేయాసియా కార్యాలయం వంటి సంస్థలు కలిసి తెచ్చిన ఈ పద్ధతికి మెట్లు నాలుగే. సమస్య ఎంచుకుని లక్ష్యం రాసుకోవాలి, కారణాలు వెతికి కొలత పెట్టుకోవాలి, మార్పును చిన్నగా పరీక్షించాలి, పనిచేసినదాన్ని నిలబెట్టుకోవాలి. చిక్కల్లా ఏమిటంటే, అది తల్లులు, నవజాత శిశువుల సంరక్షణ కోసం రాసింది. ఓపీవాళ్లు తమకు తగ్గ ఉదాహరణ తామే వెతుక్కోవాలి.

మొదటి పనికి ఎదుగుదల చార్టు బాగుంటుంది. లక్ష్యం ఇలా ఉండాలి: "ఐదేళ్ల లోపు పిల్లల్లో బరువు, పొడవు రెండూ కొలిచి చార్టులో చుక్క పెట్టినవారు ఎనిమిది వారాల్లో 40 శాతం నుంచి 80 శాతానికి చేరాలి." ఎవరికి, ఏది, ఎంత, ఎప్పటికి అన్నవి నాలుగూ కనిపించాలి. "ఎదుగుదల పర్యవేక్షణ మెరుగుపరుస్తాం" అని రాసుకుంటే గోడకు అంటించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

లెక్కకు అన్ని ఫైళ్లూ అక్కర్లేదు. శనివారం సాయంత్రం ఆ వారం ఫైళ్లలోంచి వరుసగా ప్రతి ఏడోది తీసి, ఇరవై చూస్తే చాలు. అందులో వచ్చిన శాతాన్ని గ్రాఫ్ పుస్తకంలో వారానికో చుక్కగా పెట్టి, చుక్కల్ని గీతతో కలుపుతూ పోతే అదే రన్ చార్ట్. పదే తీస్తే ఒక్క ఫైలు తేడాకి గీత 10 శాతం ఎగురుతుంది. దానికే సిస్టర్లు సంబరపడతారు, లేదా తిట్లు తింటారు. పది చుక్కలు పోగయ్యాక మీడియన్ గీత, అంటే సగం చుక్కలు పైన, సగం కింద ఉండే అడ్డగీత, గీయండి. వరుసగా ఆరు చుక్కలు గీతకు ఒకే వైపు పడితే నిజంగా ఏదో మారినట్టు. గీత మీదే పడ్డ చుక్కను ఇందులో లెక్కపెట్టకూడదు. ఐదు చుక్కలు ఎక్కుతూనో దిగుతూనో పోతే అదీ గుర్తే. అవి కనబడేదాకా ఎవరినీ ఏమీ అనొద్దు. సంక్రాంతి వారం, వానాకాలపు జ్వరాల రద్దీ చార్టు మీదే రాసిపెట్టాలి. లేకపోతే మూడు నెలల తర్వాత ఆ పల్లం ఎందుకొచ్చిందో ఎవరికీ గుర్తుండదు.

కారణం అడిగితే మొదట వచ్చే జవాబు "సిస్టర్ మర్చిపోయింది". అది కారణం కాదు. బిడ్డ గేటు నుంచి డాక్టరు దాకా నడిచే దారి కాగితం మీద గీయండి. బరువు మిషన్ ఇంజెక్షన్ గదిలో ఉందంటే, బిడ్డ దాని దగ్గరికి చేరేసరికి డాక్టరు ఫైలు మూసేసి ఉంటారు. మిషన్‌ను టోకెన్ బల్ల పక్కకు జరపడమే పరీక్ష: ఒక పూట, ఒక సిస్టర్, మొదటి ఐదుగురు పిల్లలు. అంత చిన్నగా చేస్తేనే అసలు ఇబ్బందులు బయటపడతాయి. పైనున్న ఫ్యాను గాలికి అంకె నిలవదు. నలుగురిలో డైపర్ విప్పమంటే తల్లులు తటపటాయిస్తారు. ఒక తెర కట్టి, ఫ్యాను ఆపి, మర్నాడు మళ్లీ ఐదుగురు.

ఈ పద్ధతిలో పెద్ద మోసం ఇంకోటుంది. శాతం 90కి చేరాక కూడా అంకెలు అబద్ధం కావచ్చు. పొడవుల చివరి అంకెలు చూడండి: సున్నా, ఐదు కలిపి అయిదింట ఒక వంతు ఉండాలి. సగం దాకా అవే ఉంటే కొలవడం లేదు, చూసి ఊహిస్తున్నారు. రెండేళ్ల లోపు బిడ్డను పడుకోబెట్టి కొలవడానికి ఇద్దరు కావాలి. ఒకరు తల పలకకు ఆనించి పట్టాలి, ఇంకొకరు మోకాళ్లు చాపి పాదాలకు పలక జరపాలి. ఒక్కరే చేస్తే పొడవు తప్పుగా పడుతుంది. నిలబెట్టి కొలవక తప్పకపోతే 0.7 సెం.మీ. కలపాలి. మేం వారానికి ఇద్దరు పిల్లల్ని వేరే సిస్టర్‌తో మళ్లీ కొలిపిస్తాం. పొడవులో 7 మి.మీ., బరువులో 100 గ్రాములు దాటి తేడా వస్తే ఇద్దరూ మళ్లీ కొలవాల్సిందే.

ఈ శాతం పక్కనే, పిల్లలు డాక్టరు కోసం వేచి ఉండే సమయం కూడా రాసుకోవాలి. చార్టు ఎక్కుతుంటే క్యూ పెరుగుతోందా అన్నది తల్లిదండ్రులు గొడవ పెట్టకముందే తెలియాలి. ఇక తప్పు టీకా వేయడం లాంటి అరుదైన సంఘటనలకు శాతాల చార్టు దండగ, ఎప్పుడూ సున్నా దగ్గరే పడి ఉంటుంది. వాటికి రెండు తప్పుల మధ్య ఎన్ని రోజులు గడిచాయో రాసుకోవడమే మేలు.

నాలుగో మెట్టు అన్నిటికన్నా బలహీనం. గోడలకు సున్నం వేసినప్పుడు జరిపిన మిషన్ తిరిగి ఇంజెక్షన్ గదికే చేరుతుంది. అలవాటైన సిస్టర్ మానేస్తే పద్ధతీ ఆమెతోనే పోతుంది. అందుకే మిషన్ చోటు నేల మీద పెయింటుతో గీయించాం. లక్ష్యం నిలిచాక నెలకొకసారి ఇరవై ఫైళ్లు చూస్తున్నాం. శాతం రెండు నెలలు వరుసగా పడిపోతే మళ్లీ శనివారాల లెక్కకు.